పక్క పీట

మా అమ్మాయి సుజాత ఆ మధ్య బాపట్ల నుంచి ఫోన్లో ఒక ఫోటో పంపింది. కంచంలో అన్నం, పప్పు, పక్కన కాస్త దొండకాయ వేపుడు. కింద "చూడమ్మా, గంట నుంచి ఇలాగే ఉంది. ముట్టలేదు" అని రాసింది. ముట్టనిది దాని కూతురు మేఘన, నా మనవరాలు, పదహారేళ్ళ పిల్ల. నేను అన్నం వంక చూడలేదు. కంచం అంచు వంక చూశాను. కళ్ళజోడు తుడుచుకుని, ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి మళ్ళీ చూశాను. చిన్న చిన్న చుక్కలుగా పొడిచిన అక్షరాలు. "చి. రాజ్యం." అది నా పేరే. కానీ ఆ కంచం నాది కాదు. తెనాలిలో మా ఇంటి అటక మీద, పాత చీరలో చుట్టి, ఇత్తడి గంగాళం వెనక నేను దాచిన చోట అది ఉండాలి.

ఫోన్ చేసి, "ఆ కంచం నీకెక్కడిదే?" అన్నాను. "మొన్న అటక దులిపించాం కదమ్మా, అప్పుడు కనపడింది. నీ చిన్నప్పటిది కదా అని తెచ్చుకున్నా. పాత స్టీలు, ఎంత బరువుందో! దాంట్లో పెడితేనన్నా తింటుందేమోనని" అంది సుజాత. అరవై దాటినదాన్ని, ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, దయ్యాలని వణికే పిల్లల్ని చాక్‌పీసు విసిరి నవ్వించినదాన్ని. అలాంటిదాన్ని ఆ పూట పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే కట్టెయ్యకుండా ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయాను. మాడిన పాల వాసన ఇల్లంతా పట్టాక గానీ కదల్లేదు. ఆ వాసన లోంచే మా రేపల్లె వంటిల్లు బయటికొచ్చింది. పిలవకపోయినా వచ్చే చుట్టం అది.

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. ఇక ముందుకు దారి లేదు, వచ్చిన బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మా నాన్న ఆ స్టేషన్లోనే గుమాస్తా. స్టేషనుకి దగ్గర్లో ఒక పెంకుటింట్లో సగం వాటా మాది. వంటిల్లు చీకటిగా ఉండేది. ఊక పొయ్యి పొగ, తడి గోడ, చింతపండు, గోడవతల కాలవ బురద, ఈ నాలుగూ కలిసిన వాసన ఒకటి ఉండేది. నాన్న బండ్లతో పాటు తిని బండ్లతో పాటు పడుకునే మనిషి, ఇంట్లో ఉన్నా లేనట్టే. ఆ వంటింటికి యజమానురాలు మా నాయనమ్మ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిలబడే ఉండేది. ఆవిడ కూర్చుని తినగా నేను చూడలేదు. మా అమ్మ కూడా కూర్చునేది కాదు. అందరివీ అయ్యాక గిన్నెల్లో మిగిలింది ఒకదాంట్లో వేసుకుని, గోడ వైపు తిరిగి నాలుగు ముద్దలు మింగేది. పెట్టేవాళ్ళు తినరు, తినేవాళ్ళు మాట్లాడరు. అదీ మా ఇల్లు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ వంటింట్లో నా ఒక్కదానికీ రెండు పీటలు వేసేవాళ్ళు. ఒకదాని మీద నేను. పక్కది ఖాళీ. ఖాళీ పీటని దాటకూడదు, కాలితో జరపకూడదు. దాని ముందు కూడా ఒక గ్లాసుతో నీళ్ళు పెట్టేది నాయనమ్మ, నా భోజనం అయ్యాక వాటిని పెరట్లో జామ మొదట్లో పోసేది. కంచం మాత్రం ఒక్కటే. పెద్ద గిన్నెలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి కలిపి, ముందు నా చుట్టూ ఉప్పు తిప్పి దిష్టి తీసి, ఒక ముద్ద నా చేతిలో పెట్టి "ఇది నీది" అనేది. అది మింగాక ఇంకో ముద్ద అదే చేతిలో పెట్టి "ఇది దానిది" అనేది. ఎవరిదని నేను అడగలేదు. అందరిళ్ళలోనూ ఇంతేననుకున్నాను. ఒకసారి పక్కింటివాళ్ళు నన్ను పిలిచి అన్నం పెడితే, ముద్ద మింగి చెయ్యి చాపి "మరి దానిది?" అన్నాను. ఆ ఇంటావిడ ముఖం తెల్లబోయింది. తరవాత నన్ను ఆ ఇంటికి భోజనానికి పిలవలేదు.

ఆరేడేళ్ళప్పుడు అనుకుంటాను, కంచం మీద అక్షరాలు కూడబలుక్కుని చదివి, నా పేరు నాకు దొరికిందని పొంగిపోయి అమ్మ దగ్గరికి పరిగెత్తాను. "ఇది నాకెప్పుడు కొన్నారమ్మా?" అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండా, "నువ్వు పుట్టకముందే" అంది. నేను ఆ మాట పట్టుకుని చాలా రోజులు తిరిగాను. పుట్టకముందే నాకు పేరు ఎవరు పెట్టారు? పుట్టనిదానికి కంచమెందుకు? అంటే నేను రాకముందు ఈ కంచంలో తిన్నదెవరు? అమ్మని మళ్ళీ అడిగితే చేట తీసుకుని లేచి వెళ్ళిపోయింది. మా ఇంట్లో జవాబు తెలిసినవాళ్ళంతా ఇలా లేచి వెళ్ళిపోయేవాళ్ళే.

అన్నిటికన్నా నాకు భయం నాయనమ్మ చూపు. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి గొంతు దిగేదాకా చూసేది. మొదటి ముద్దకి నా ముఖం చూసేది. రెండో ముద్దకి మాత్రం నన్ను కాదు, నా భుజం పక్కన కొంచెం వెనగ్గా ఎవరో ఉన్నట్టు అటు చూసేది. చూసి, ఎప్పుడూ లేనంత మెత్తగా "చాలా తల్లీ?" అనేది. నేను చాలని తలూపాలి. అది రోజూ జరిగే తంతు. ఒకరోజు కడుపు పగిలేలా తిన్నాను, గొంతు దాకా ఉంది. "చాలా తల్లీ?" అంది నాయనమ్మ. "చాల్లేదు, ఇంకా కావాలి" అన్న మాట వినపడింది. నా నోటి నుంచే వచ్చింది. నేను అనాలనుకోలేదు. ఈ రోజు వరకూ ఆ మాట ఎందుకన్నానో నాకు తెలీదు. ముసలిదాన్ని సంతోషపెట్టాలని అని ఉంటాను, అంతే అయి ఉంటుంది. కానీ నాయనమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది. నవ్వుతూ ఏడ్చింది. గిన్నె ఊడ్చి పెట్టింది. నేను తిన్నాను. తిని, పెరట్లో జామచెట్టు దగ్గర వాంతి చేసుకున్నాను. ఆ రోజు నుంచి నాకు నా నోరంటే భయం పట్టుకుంది.

ఆ తరవాత ఆకలేస్తే అనుమానం వచ్చేది. ఇది నాదా, దానిదా? బళ్ళో లెక్క చేస్తుంటే కడుపులో కరకరమనేది. మిగతా పిల్లలకి అది ఇంటిగంట. నాకేమో ఎవరో లోపల కూర్చుని తలుపు కొడుతున్నట్టుండేది. పరికిణీల నుంచి ఓణీల్లోకి వచ్చే వయసులో ఒక నిర్ణయానికొచ్చాను. నేను తినకపోతే దానికీ తిండి ఉండదు. కొన్నాళ్ళు చూసి అదే వెళ్ళిపోతుంది. పిల్ల బుర్రకి అది మంచి లెక్కలాగే కనిపించింది. మొదట రెండో ముద్ద ఓణీ చాటున దాచి పక్కింటి కోళ్ళకి వేశాను. తరవాత మొదటి ముద్ద కూడా. తరవాత కంచం ముందు కూర్చోవడమే మానేశాను. కొన్నాళ్ళకి ఆకలి నిజంగానే పోయింది. పోయింది గదా అని గెలిచాననుకున్నాను. చేతుల మీద నూగు మొలిచింది, ఎండాకాలంలోనూ చలేసేది, మెట్లెక్కితే కళ్ళు చీకట్లు కమ్మేవి. అయినా లోపల ఏదో గర్వం. నిజం చెప్పాలంటే ఆ గర్వం మీద ఇప్పటికీ నాకు కాస్త మమకారం ఉంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆ ఇంట్లో నా మాట చెల్లిన చోటు నా నోరొక్కటే. నేను పళ్ళు బిగిస్తే ఇల్లంతా ఆగిపోయేది. స్టేషన్లో ఉండాల్సిన నాన్న కూడా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. తాయెత్తులు కట్టించారు, చెరుకుపల్లి నుంచి ఎవరినో పిలిపించి వేపమండలతో కొట్టించారు. నాకు పట్టింది వాళ్ళేనని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ కంచం తెచ్చి నా ముందు పెట్టి, నా రెండు కాళ్ళూ పట్టేసుకుంది. అంత పొడుగు మనిషి, అంత పొగరుమోతు మనిషి, నేల మీద కూలబడి "తినవే తల్లీ, నీ కాళ్ళకి దణ్ణం పెడతా. దాన్ని మళ్ళీ చంపబాకవే" అంది. "మళ్ళీ" అన్న మాట నా చెవిలో ముల్లులా దిగింది. కాళ్ళు విదిలించుకుని పెరట్లోకి పారిపోయాను. అమ్మ బట్టలు ఆరేస్తోంది. "ఎవరమ్మా అది? చెప్పకపోతే కాలవలో దూకుతా" అన్నాను. అమ్మ తడి చీర రెండు చేతులతో పట్టుకుని, ఆ చీర అవతలి నుంచి, నాకు ముఖం కనపడకుండా చెప్పింది.

"నీకు అక్కే. ఆరేళ్ళది. పేరు రాజ్యం. టైఫాయిడ్ వచ్చింది. అన్నం పెడితే పేగులు తెగుతాయి, జావ తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు వైద్యం చేసినాయన. లంఖణం పరమౌషధం అంది మీ నాయనమ్మ. ఇరవై రోజులే. పప్పన్నం పెట్టు నాయనమ్మా, ఒక్క ముద్ద పెట్టు నాయనమ్మా అని ఏడ్చేది. ఆవిడ వంటింటి తలుపు గొళ్ళెం పెట్టి దాని ముందు కూర్చుంది. ఆఖర్న మాట పడిపోయేటప్పుడు కూడా చెయ్యి చాపిందే. నేను చూస్తా ఉన్నా. ఆవిడకి ఎదురు చెప్పలేకపోయా." చీర అవతలి నుంచే మళ్ళీ అంది, "పోయాక పంతులుగారిని అడిగింది మీ నాయనమ్మ, పిండం పెట్టించమని. చిన్నపిల్లలకి పిండాలూ తద్దినాలూ ఉండవమ్మా అన్నాడాయన. మరి దానికి అన్నం ఎట్టా అందుద్ది అని ఆయన్ని కొట్టినంత పని చేసింది. ఏడాది తిరక్కుండా నువ్వు పుట్టావు, దాని పేరే నీకు పెట్టింది. అంతే."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అక్క అడిగింది. ఇరవై రోజులు అడిగింది. పెట్టలేదు. పెట్టనివాళ్ళు దాన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్ళే. శాస్త్రం దానికి ముద్ద లేదంది గనక నా నోటినే పిండం పెట్టే విస్తరిగా చేసుకుంది మా నాయనమ్మ. ఇదంతా ఇప్పుడు ఇలా తీరిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజు జాలి పడలేదు. ఒళ్ళంతా జలదరించింది. ఇన్నేళ్ళూ నా పక్కన ఖాళీ పీట మీద చెయ్యి చాపుకుని ఒకటి కూర్చుందన్నమాట అనుకున్నాను. తినాలంటే మరీ అసహ్యమేసింది.

నన్ను బతికించింది మా బడిలో రూతమ్మ టీచరు. చర్చి వెనక చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. నేను బళ్ళో రెండోసారి కళ్ళు తిరిగి పడ్డాక, "ఈ నోటుపుస్తకాలు మా ఇంటిదాకా మొయ్యాలమ్మా, రా" అని మధ్యాహ్నం బెల్లుకి వెంట తీసుకెళ్ళింది. మోత అబద్ధమని చేతిలో నాలుగు పుస్తకాలు పెట్టినప్పుడే తెలిసింది. బల్ల మీద ఒక కంచంలో అన్నం, మామిడికాయ పప్పు వేసి, "అన్నం అక్కడుంది. తింటే తిను, లేకపోతే మూత పెట్టెయ్. పిల్లి తిరుగుతుంది" అంది. అని కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి, ఎర్రసిరా కలంతో పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది. నేను ఆవిడ వెనక్కి తిరిగి చూస్తుందని కాచుకున్నాను. తిరగలేదు. ఆ బల్లకి ఒకటే కుర్చీ. పక్కన ఎవరికీ చోటు లేదు. ఎప్పుడు చెయ్యి పెట్టానో తెలీదు, నాలుగు ముద్దలు తిన్నాను. ఆవిడ ఎంత తిన్నావని అడగలేదు, మర్నాడు మాత్రం మళ్ళీ పుస్తకాలు మొయ్యమంది. మనిషినయ్యేసరికి నెలలు పట్టింది. వాళ్ళింట్లో తింటున్నట్టు మా ఇంట్లో చెప్పలేదు. చెబితే కులమూ మతమూ అని ఇంకో రభస. చాలా రోజులకి ధైర్యం చేసి, "మీరెందుకు చూడరండీ?" అన్నాను. "చూస్తుంటే ముద్ద దిగదమ్మా. నేనూ ఒకప్పుడు పిల్లనే కదా" అంది. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాయనమ్మ నేను తెనాలిలో చదువుకుంటున్నప్పుడు పోయింది. అమ్మ ఆ కంచాన్ని తన చీరలో చుట్టి నా చేతిలో పెట్టి, "పారెయ్యలేను, ఉంచుకోలేను" అంది. నాదీ అదే పరిస్థితి. అలా అది అటకెక్కింది. నేను మాత్రం ఒట్టు పెట్టుకున్నాను, నా కడుపున పుట్టినవాళ్ళ కంచం వంక జన్మలో చూడనని. చూడలేదు. సుజాతకి వడ్డించి వీపు తిప్పుకునేదాన్ని. తింటే తిన్నది, మానితే మానింది. నేను రూతమ్మ టీచరంత గొప్ప పని చేస్తున్నాననుకుని మురిసిపోయాను. ఆవిడ పరాయి పిల్లకి చేసిన పని, తల్లి రోజూ చేస్తే ఇంకోలా ఉంటుందని నా లెక్కల బుర్రకి తట్టలేదు.

ఫోటో చూసిన రెండో రోజే బాపట్ల వెళ్ళాను. మేఘనని గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ సన్నటి చేతుల మీద నూగు చూశాను. ఎండాకాలంలో స్వెట్టర్ చూశాను. నాకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గుంటూరులో మనసు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి అప్పటికే తీసుకెళుతున్నారు. కంచం దగ్గర తిండి మాట ఎత్తొద్దని, కాపలా కాయొద్దని ఆవిడ గట్టిగానే చెప్పిందట. చెప్పినంత తేలిక కాదు. సుజాత తినకముందొక ఫోటో, తిన్నాకొక ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడుతోంది. పెద్దమ్మలూ పిన్నులూ దాని కింద సలహాలు రాస్తున్నారు. రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో "బాగా ఒళ్ళు చేశావే, తగ్గించు" అని నవ్విందీ వాళ్ళే. మా అల్లుడు హాల్లో టీవీ ముందు కూర్చుని, "తిందా?" అని కేక వేస్తాడు. "ఎక్కడ? మీరొచ్చి చెప్పండి" అంటుంది సుజాత. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోగా రోజంతా నేను విన్న మాటలు అవే.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ఆ కంచం నిండా అన్నం వడ్డించి, సుజాత ఎదురు కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. చూడకూడదనుకుంటూనే చూశాను. మేఘన చూపుడువేలితో అన్నం మధ్య నిదానంగా ఒక గీత గీసింది. అన్నం రెండు కుప్పలైంది. అటొకటి, ఇటొకటి, సమానంగా. ఎవరూ చెప్పలేదు దానికి. ఆ కంచం కథ ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. నా వీపు మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. దాని పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కొంచెం వెనక్కి జరిపి, ఎవరో లేచెళ్ళినట్టు ఉంది. లేక ఎవరో కూర్చున్నట్టు.

ఎవరూ లేనప్పుడు అడిగాను, "అన్నం రెండు కుప్పలెందుకు చేశావమ్మా?" "ఊరికే అమ్మమ్మా. ఒకటి అమ్మ కోసం తినాలి, ఒకటి నాన్న కోసం తినాలి." "మరి నీదేది?" అన్నాను. పిల్ల నా వంక వింతగా చూసింది. "నాది లేదుగా" అంది. తరవాత గొంతు తగ్గించి, "నేను సరిగ్గా తినేస్తే వాళ్ళిద్దరూ అసలు మాట్లాడుకోరు అమ్మమ్మా" అంది.

సుజాతని పెరట్లోకి తీసుకెళ్ళి, "కాస్త చూడటం మానవే" అన్నాను. అది గయ్‌మని లేచింది. "నువ్వా చెప్పేది? నువ్వు ఏనాడన్నా నా కంచం వంక చూశావా అమ్మా? పడేసి అటు తిరిగేదానివి. జ్వరం వచ్చి తినకపోయినా నీకు తెలిసేది కాదు. నా కూతురుకి అలా జరక్కూడదనే నేను చూస్తున్నా." నాయనమ్మ కళ్ళ నుంచి నేను పారిపోయాను, నా వీపు నుంచి సుజాత పారిపోయింది. పారిపోయినవాళ్ళందరం తిరిగి తిరిగి ఆ కంచం దగ్గరికే చేరాం. అప్పుడు, జీవితంలో మొదటిసారి, సుజాతకి మొత్తం చెప్పాను. ఖాళీ పీట, రెండో ముద్ద, గొళ్ళెం పెట్టిన వంటింటి తలుపు, అన్నీ. "క్షమించవే" అని కూడా అన్నాను. సుజాత, "ఆ కంచం నేనే తెచ్చి పెట్టానా అమ్మా దానికి?" అని వలవలా ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం సుజాతనీ అల్లుణ్ణీ, "ఇద్దరూ కలిసి సూర్యలంక పోయి సముద్రం చూసి రండి" అని పంపించేశాను. ఇంట్లో నేనూ మేఘనా. కంచం బల్ల మీద పెట్టి దాని కథ మేఘనకీ చెప్పాను. తిండి గురించి కాదు, మా అక్క గురించి. చాలా రోజుల తరవాత ఆ పిల్ల కళ్ళలో కాస్త వెలుతురు కనపడింది. అన్నీ విని, "పోయినప్పుడు ఎన్నేళ్ళు అన్నావు?" అంది. ఆరు అన్నాను. "అయితే నాకంటే చాలా చిన్నపిల్ల" అంది. ఇన్నేళ్ళుగా నన్ను భయపెట్టింది ఒక చిన్నపిల్ల అని నాకెప్పుడూ తోచలేదు. నా ఊహలో అది నాతో పాటు పెరిగి, నాతో పాటు ముసలిదై పక్కన కూర్చుంది.

అన్నం, ముద్దపప్పు, నెయ్యి కలిపాను. కంచంలో కొంచెం పెట్టి మేఘన ముందుంచాను. ఒక చిన్న ముద్ద స్టీలు మూతలో పెట్టి, గ్లాసుతో నీళ్ళు పోసి, పక్క కుర్చీ ముందుంచాను. లెక్కల టీచర్ని, కుర్చీతో మాట్లాడుతున్నాను. సిగ్గనిపించింది, అయినా పైకే అన్నాను. "అక్కా, ఇది నీది. ఎవరి నోటితోనూ కాదు, నువ్వే తిను. ఆలస్యమైంది, ఏమనుకోకు." అక్కా అని దాన్ని పిలవడం అదే మొదలు. తరవాత కిటికీ వైపు తిరిగి, మేఘనకి వీపు పెట్టి, పళ్ళెంలో పెసలు పోసుకుని రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. బయట ఎండలో ఆటో ఒకటి పోయింది. కాసేపటికి నా వెనక మూత బల్లకి తగిలిన చప్పుడైంది. తరవాత ఎవరో తింటున్న చప్పుడు. మెల్లగా, చిన్న నోటితో. మెడ మీద వెంట్రుకలు లేచాయి. తిరగలేదు. పెసలన్నీ అయిపోతే ఏరినవే మళ్ళీ ఏరాను.

లేచి చూసేసరికి కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. మూత ఖాళీగా ఉంది. మెతుకు లేదు. గ్లాసులో నీళ్ళు కూడా సగమే ఉన్నాయి. మేఘన చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చుంది. "ఎవరు తిన్నారే?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నేనే అమ్మమ్మా" అంది. "అది నాదీ కాదు, అమ్మదీ కాదు, నాన్నదీ కాదుగా. ఎవరూ ఫోటో తియ్యరు కదా అని." "దానిది తినెయ్యొచ్చా మరి, చిన్నపిల్లది?" అన్నాను, నవ్వడానికి ప్రయత్నిస్తూ. మేఘన నవ్వలేదు. ఖాళీ కుర్చీ వంక ఒకసారి చూసి, "అడిగాను. తినమంది" అంది.

ఇదంతా జరిగి కొన్ని నెలలైంది. ఒక్క ముద్దతో రోగాలు కుదరవు. డాక్టరమ్మ దగ్గరికి వెళుతూనే ఉన్నారు, మంచి రోజులూ ఉన్నాయి, ఏడ్చే రోజులూ ఉన్నాయి. ఫోటోలు ఆగాయి. అమ్మానాన్నలకి కూడా ఆ డాక్టరమ్మ దగ్గర విడిగా ఒక కుర్చీ పడింది, అది మంచిదే. మా రోజుల్లో అయితే వేపమండలు, ఈ రోజుల్లో మాట్లాడటానికి ఒక మనిషి ఉంది. అంతమేర కాలం బాగుపడిందనే చెప్పాలి. ఆవిడ అన్నీ విడమరిచి చెబుతుంది, పిల్లకి అలా అనిపించడం సహజమంటుంది. నేనూ ఒప్పుకుంటాను. కానీ "తినమంది" అన్నప్పుడు ఆ పిల్ల చూసిన చోటు, మా నాయనమ్మ రెండో ముద్దప్పుడు చూసే చోటు ఒకటే. అది మాత్రం ఆవిడకి నేను చెప్పలేదు.

మూత ఖాళీ అయిన ఆ రోజు సాయంత్రమే కంచం సంచిలో పెట్టుకుని బాపట్లలో బండెక్కాను. పొన్నూరు వైపు పొలాల మీద ఎండ వాలుతోంది. దాని ముద్ద నేను మోశానని జీవితమంతా విసుక్కున్నాను. ఒక్క ముద్ద కోసం చెయ్యి చాపి పోయిన పిల్ల, ఇన్నేళ్ళకి ఎవరో తన పేరు పెట్టి తన ముందు ముద్ద పెడితే, తను తినకుండా పక్కపిల్లకి జరిపింది. బండిలో అందరి ముందూ ఏడ్చాను. ఎదురుగా కూర్చున్నావిడ, "ఏమైందండీ, ఒంట్లో బాలేదా?" అంటే, "మా అక్క గుర్తొచ్చిందండి" అన్నాను. తెనాలిలో దిగి, ఇంటి తాళం తీసి, కంచం కడిగి, సుజాత కట్టిచ్చిన పెరుగన్నం దాంట్లోనే పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఆకలిగా ఉంది. అది ఎవరిదని ఆ పూట అడగలేదు.